తొందరేం లేదు, ఇటొచ్చినప్పుడు

మా ఇంట్లో ఫోన్ ఎత్తే పని నాది. మా ఆయన ఫెలిమ్ మెక్‌గోల్డ్రిక్ ఐర్లండ్‌లో, లీట్రిమ్ కొండల్లో, ఇళ్ళని వెచ్చబెట్టే ఆయిల్ బాయిలర్లు బాగుచేసేవాడు. ఆయన పొద్దున్నే వ్యాన్ వేసుకుని పోతే నేను వంటింటి బల్ల దగ్గర నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరికి ఏం ఆగిపోయిందో రాసుకునేదాన్ని. మర్నాడు ఏ ఇంటికి ముందు వెళ్ళాలో, ఏ ఇంటికి తర్వాతో వరస కట్టేదాన్ని. ఆ వరసలో ఎప్పుడూ ఆయన వేలు పెట్టలేదు. "నువ్వెటు పంపితే అటు పోతా, గుర్రాన్ని నేను, కళ్ళెం నీది" అనేవాడు.

మా వైపు బాయిలర్ ఇంటి వెనక బయట ఉంటుంది, వానలో మంచులో, ఆకుపచ్చ రేకు పెట్టెలో. ట్యాంకులోంచి కిరోసిన్ సన్నటి రాగి గొట్టంలో వచ్చి దాన్లో మండుతుంది. మంట పట్టకపోతే లోపలున్న ఎలక్ట్రిక్ కన్ను కొన్ని సెకన్లు చూస్తుంది, తర్వాత అన్నీ కట్టేసి ఎర్రదీపం వెలిగించుకుని మొండికేస్తుంది. దాన్ని లాకౌట్ అంటాం. ఎవరో ఒకరు బయటికి వెళ్ళి, మూత ఎత్తి, ఎర్ర బటన్ నొక్కాలి. అప్పటిదాకా ఇల్లు చల్లబడుతూనే ఉంటుంది.

ఫోన్ ఎత్తడం పెద్ద విద్యా అని మీరనుకోవచ్చు. మా ఊళ్ళో విద్యే. మా వాళ్ళు సాయం అడగరు, అడిగినట్టు కనిపించకుండా అడుగుతారు. "బాయిలర్ ఆగిపోయింది, వెంటనే పంపించండి" అని గద్దించేవాడు డబ్లిన్ నుంచి కొత్తగా వచ్చినవాడై ఉంటాడు, వాడికి రెండ్రోజులు ఆగినా మునిగిపోయేదేమీ ఉండదు. "ఫెలిమ్ ఓసారి చూస్తాడేమో" అంటే ఈ వారంలో రమ్మని. "తొందరేం లేదు, ఇటొచ్చినప్పుడు" అంటే ఇవాళే రమ్మని. "అస్సలు తొందర్లేదమ్మా, ఆయన్ని ఇబ్బంది పెట్టకు" అన్నారా, ఆ మనిషి కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, వంటింట్లో వణుకుతూ మాట్లాడుతోందన్నమాట. ఇది నాకెవరూ నేర్పలేదు, ఇక్కడ పుట్టినవాళ్ళకి పాలతో పాటే వస్తుంది. కాబట్టి నాకు అర్థం కాలేదని చెప్పి తప్పించుకునే దారి నాకు లేదు.

ఫెలిమ్ ఈ పని మొదట పాలకేంద్రంలో నేర్చుకున్నాడు. పదహారేళ్ళకే అక్కడి బాయిలర్ గదిలో చేరాడు. అక్కడి ముసలి మేస్త్రీ ఆయన చేతికి ఆర్నెల్లదాకా పనిముట్టు ఇవ్వలేదట. "ముందు విను" అని కూర్చోబెట్టేవాడట. పాలకేంద్రం మూతపడ్డాక, ఊళ్ళో ఒక్కొక్క ఇల్లే పీట్ పొయ్యి, అంటే ఎండబెట్టిన బురదగడ్డలు కాల్చే పొయ్యి, తీసేసి ఆయిల్‌కి మారుతుంటే, ఈయన ఇళ్ళ మీద పడ్డాడు. వెళ్ళగానే పెట్టె విప్పేవాడు కాదు. రేకు మీద అరచేయి వేసి నిలబడేవాడు. పొగగొట్టం దగ్గర వాసన చూసేవాడు. ఏది పాడైందో తెలియకుండా ఊహమీద సామాను మార్చడం ఆయన దృష్టిలో దొంగతనం. ఓసారి ఒక బాయిలర్ ఎందుకు ఆగుతోందో కనుక్కోవడానికి నాలుగు గంటలు దాని ముందు తలకిందుల బకెట్ మీద కూర్చున్నాడు. చివరికి చూస్తే, ఒక నత్త వెచ్చదనానికి లోపలికి దూరి ఆ కన్ను మీదుగా అటూ ఇటూ పాకుతోంది. దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి నా క్యాబేజీల్లో వదిలాడు. దానికి నేనేం తిట్టానో ఇక్కడ రాయను.

ఫోన్‌లో నేను అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఆయనే నేర్పాడు: ట్యాంకులో నూనె ఉందా? మా చర్చి ఫాదర్‌ని అలాగే అడిగితే ఆయనకి కోపం వచ్చింది. ఫెలిమ్ వెళ్ళి చూస్తే ట్యాంకు ఎండిపోయి ఉంది. "ప్రార్థన చేస్తే నిండుద్దనుకున్నాడేమో పాపం" అని నవ్వుకుంటూ వచ్చాడు. రెండో ప్రశ్న, ఎర్ర బటన్ ఎన్నిసార్లు నొక్కారు? రెండుసార్లకి మించి నొక్కకూడదు, మండని కిరోసిన్ లోపల మడుగు కడుతుంది. అందరూ "రెండేసార్లు" అనే చెబుతారు. ఈయన మూత తీసి చూస్తే ఇరవైసార్లు నొక్కిన కిరోసిన్ ఉంటుంది.

అట్రాక్టా కీవనీ గారు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేది. "ఏడుసార్లు నొక్కాను, సిగ్గేస్తోంది" అనేది.

ఆవిడ మా స్కూల్లో ముప్ఫై ఏళ్ళు వంట చేసింది. నేనూ ఫెలిమ్ ఆవిడ చేతి కూడు తిని పెరిగినవాళ్ళమే. పెళ్ళి చేసుకోలేదు. కొండ మీద సందు చివర, ఎవరి ఇల్లూ కనబడనంత దూరంలో ఒక్కతీ ఉండేది, నాలుగు కోళ్ళతో. చేతుల్లో కీళ్ళు వంకర్లు పోయి పీట్ మోయలేకపోతే, ఫెలిమే ఆ పొయ్యి తీసేసి ఇంటి వెనక బాయిలర్ పెట్టాడు. ఆవిడ వేళ్ళకి మూత ఎత్తడం కష్టమని దానికో తాడు ఉంగరం కూడా కట్టాడు.

రెండువేల పది నవంబరులో ఆ బాయిలర్ ఆగడం మొదలుపెట్టింది. ఆవిడ ఫోన్ చేసింది, నేను రాసుకున్నాను, మర్నాడే పంపాను. ఏ వేళకి పంపానో చెప్పాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకి. ఆవిడ ఇంటికి ఎప్పుడూ ఆ వేళకే పంపేదాన్ని. మా వైపు పనికి వచ్చినవాడు మధ్యాహ్నానికి ఎవరింట్లో ఉంటే వాళ్ళే భోజనం పెట్టాలి. అది రివాజు. కొన్ని ఇళ్ళల్లో ఎండిన రొట్టె, పల్చటి టీ దొరుకుతాయి. అట్రాక్టా గారింట్లో ఉప్పు పంది మాంసం, క్యాబేజీ, తొక్కలు పగిలే బంగాళాదుంపలు, తర్వాత ఆపిల్ టార్ట్. ఫెలిమ్ బక్కపలచటి మనిషి, తిండి మీద ధ్యాస లేదు. ఆ పూటైనా కడుపునిండా తింటాడని నేను ఆ వరస కట్టాను. ఎంత తెలివైనదాన్నో.

మొదటిసారి వెళ్ళాడు. ఎర్రదీపం వెలుగుతోంది. బటన్ నొక్కాడు, ఒక్క నొక్కుకే లేచింది. ఫిల్టర్ విప్పి చూశాడు, నూనె శుభ్రంగా ఉంది. కన్ను తుడిచాడు. గంట కూర్చున్నాడు. ఆగలేదు. భోజనం చేసి వచ్చాడు. నాలుగు రోజులకి మళ్ళీ ఫోన్. మళ్ళీ పన్నెండున్నరకి వెళ్ళాడు. పంపు విప్పి చూశాడు, నూనె చిమ్మే నాజిల్ తీసి వెలుగులో పట్టుకుని చూశాడు, అన్నీ బాగున్నాయి. బాయిలర్ పిల్లిలా గురగురమంటోంది. మూడోసారి రెండు గంటలు కూర్చున్నా అదే తంతు. తను వస్తే చాలు ఏ రోగమూ లేనట్టు మండుతుంది, వెళ్ళిపోతే నాలుగైదు రోజులకి ఆగుతుంది. ఈయన రాత్రి భోజనం దగ్గర కూడా చెంచా ఆపి ఆలోచించేవాడు.

ఆ మూడోసారి వచ్చేస్తూ గుమ్మంలో ఒక మాట అన్నాడట.

"అట్రాక్టా గారూ, నిజం చెప్పండి. ఆగిపోతున్నది బాయిలరా, లేకపోతే నాతో కబుర్ల కోసం మీరే కట్టేస్తున్నారా?"

"పోరా వెధవా, నీ మొహానికి కబుర్లొకటి" అందట ఆవిడ, నవ్వుతూ. కానీ చెవులు ఎర్రబడ్డాయని ఫెలిమే చెప్పాడు. ఇంటికొచ్చి నాకు చెప్పాడు, అంతే. నేను పోస్ట్‌మన్ ప్యాకీకి చెప్పాను. ప్యాకీకి చెప్పడమంటే డప్పు వేయించినట్టే. ఆదివారానికల్లా చర్చి గుమ్మం దగ్గర "ఏమండీ అట్రాక్టా గారూ, మీ బాయిలర్‌కి ఫెలిమ్ మీద మనసైందట కదా" అని ఒకరు, "ఎనభైలో ప్రేమలేంటండీ, చలికాలం కాబోలు" అని ఇంకొకరు. ఆవిడా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. మనసులో అదే నిజమని కూడా అనుకున్నాను. ఒంటరి ముసలివాళ్ళు బాయిలర్ వంకతో మనిషిని పిలిపించుకోవడం మాకు కొత్త కాదు, నాకు తెలిసి అలాంటివాళ్ళు అయిదారుగురు ఉన్నారు. అట్రాక్టా గారినీ వాళ్ళల్లో కలిపేశాను.

ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ ఫోన్ చేయలేదు. "చూశావా, నయమైపోయింది" అన్నాను ఫెలిమ్‌తో. ఆయన నవ్వలేదు.

డిసెంబరులో మంచు వచ్చింది. అలాంటి చలి మా తరంలో ఎవరూ చూడలేదు. గోడల్లో నీళ్ళ పైపులు పగిలాయి, దారులు గాజు పలకలయ్యాయి. ఫోన్ కింద పెట్టడానికి లేదు. ఫెలిమ్ పదిహేను రోజులు వరసగా చీకటిలో పోయి చీకటిలో వచ్చాడు. వేళ్ళ కణుపులు పగిలి రక్తం కారేవి. ఛాతీలో దగ్గు పట్టుకుంది. సోమవారం వ్యాన్ జారి కాలువలోకి పోయింది, ట్రాక్టర్‌తో లాగించారు. మంగళవారం మూడింటికే ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా కుర్చీలో పడి నిద్రపోయాడు. ఆ నిద్రలో దగ్గుతుంటే ఒళ్ళంతా ఎగిరిపడుతోంది. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. నాకు భయమేసింది.

నాలుగింటికి ఫోన్ మోగింది. ఆయనకి మెలకువ వస్తుందని పరుగెత్తి ఎత్తాను.

"నవ్వనంటే ఒక మాట చెబుతా, నూలా."

"నేనెందుకు నవ్వుతానండీ అట్రాక్టా గారూ, చెప్పండి."

"మళ్ళీ అదే రోగం. మూడు వారాల్నించీ నేనే కాపలా కాస్తున్నా. ఇప్పుడు తెలిసింది. గట్టిగా మంచు పడ్డ రోజునే ఆగుద్ది. తెల్లారకముందే. అప్పుడు నొక్కితే లేవదు. మధ్యాహ్నం ఎండ తగిలాక నొక్కితే ఒక్క దెబ్బకి లేచి కూర్చుంటది. అందుకే ఫెలిమ్‌కి దొరకట్లేదు. మాయదారిది."

"ఇప్పుడు మండుతోందా?"

"ఇప్పుడు బానే ఉందమ్మాయ్. నేనూ బానే ఉన్నా. అస్సలు తొందర్లేదు. ఫెలిమ్‌ని పనిగట్టుకుని పంపకు, దారి బాలేదు. ఇబ్బంది పెట్టకు ఆయన్ని. ఎప్పుడైనా ఇటొచ్చినప్పుడు."

"పొద్దున్నే బయటికి పోకండి, జారతారు."

"కర్ర ఉందిలే. బూట్ల మీద మేజోళ్ళు తొడుక్కుంటున్నా, పట్టు దొరుకుద్ది. ఆయన దగ్గు ఎలా ఉంది?"

"పర్లేదండీ."

"తేనె వేసి పట్టించు. ఉంటా మరి. అస్సలు తొందర్లేదు."

రెండుసార్లు అంది. "అస్సలు తొందర్లేదు" అని రెండుసార్లు. దానికి అర్థమేమిటో ఈ కొండల్లో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. ఫోన్ పెట్టేసి నోటుబుక్కు తెరిచాను. పెన్సిల్ తీశాను. కుర్చీలో ఫెలిమ్ దగ్గాడు. చెబితే ఆ క్షణం లేచి కోటు వేసుకుంటాడు, ఆ సందులో, ఆ మంచులో కొండ ఎక్కుతాడు. పెన్సిల్ కింద పెట్టేశాను. ఆవిడ దగ్గర చిన్న కరెంటు హీటర్ ఉంది కదా అనుకున్నాను. ఇప్పుడు మండుతోంది కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కబుర్ల కోసమేలే అని కూడా అనుకున్నాను. గురువారం చెబుదాం, అప్పటికి ఈయనకి ఒళ్ళు కుదుటపడుతుంది అనుకున్నాను.

బుధవారం పొద్దున బూట్లు వేసుకుంటూ ఫెలిమ్ అడిగాడు, "నిన్న నేను పడుకున్నాక ఎవరైనా చేశారా?" దగ్గర్లో ఉన్న ముగ్గురి పేర్లు చెప్పాను.

గురువారం ఎనిమిదిన్నరకి ప్యాకీ ఉత్తరాల సంచితో కాదు, ఉత్త చేతులతో వచ్చాడు. వాకిట్లోనే టోపీ తీసి నిలబడ్డాడు. అట్రాక్టా గారు వెనక తలుపుకీ బాయిలర్‌కీ మధ్య పడి ఉందట. ఎర్రదీపం వెలుగుతూనే ఉందట. తుంటి ఎముక విరిగింది, మిగతాది చలి చేసింది. బుధవారం తెల్లవారుజామున జరిగి ఉంటుందని డాక్టరు తేల్చాడు. బూట్ల మీద మేజోళ్ళు తొడుక్కునే ఉంది.

నేను సింకు దగ్గరికి పోయి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

ఆవిడని మట్టిలో పెట్టిన మర్నాడు తెల్లవారుజామున ఆయన వ్యాన్ తీశాడు. ఎక్కడికని నేను అడగలేదు. తొమ్మిదింటికి ఒక జామ్ సీసా పట్టుకుని వచ్చాడు, బల్ల మీద పెట్టాడు. పైన కిరోసిన్, అడుగున ఒక చెంచాడు నీళ్ళు.

"ఇంతే నూలా. ఇరవై నిమిషాల పని. గొట్టం నేలలోంచి పైకొచ్చే చోట కింద రాయి కుంగిపోయి పైపు ఇంత జారింది. ఆ పల్లంలో ఈ నీళ్ళు నిలబడ్డాయి. మంచు పడితే గడ్డకట్టి నూనెకి అడ్డంపడుద్ది. మధ్యాహ్నం ఆ గోడకి ఎండ తగిలితే కరిగిపోద్ది. నేనెప్పుడూ మధ్యాహ్నమే పోయాను. తెల్లారకముందు ఒక్కసారి పోయుంటే."

కుర్చీలో కూర్చున్నాడు. సీసాని తన వైపు జరుపుకున్నాడు.

"ఎకసెక్కం చేశాను ఆవిణ్ణి. కబుర్ల కోసం కట్టేస్తున్నారా అని. ఊరంతా నవ్వేట్టు చేశాను. అందుకే సిగ్గుపడి చేయలేదు. ఆ చలిలో, తనే నొక్కుకుంటూ... ఒక్క ఫోన్ చేసుంటే." తలెత్తి నా వైపు చూశాడు. "చేయలేదు కదా, నూలా?"

ఇప్పటికీ ఆ చూపు నాకు కనిపిస్తుంది. అందులో అనుమానం లేదు. నేను అవునంటే అవును, కాదంటే కాదు.

"లేదు" అన్నాను.

ఎందుకన్నానంటే, భయం. ఆయన నన్ను ఇక చూడడేమోనని భయం. ఓ వారం పోయాక చెబుదామనుకున్నాను. వారం పోయాక, పండగ వెళ్ళాక చెబుదామనుకున్నాను. అబద్ధం నిలవ ఉంటే తేలికవుతుందేమోనని చూశాను. కాలేదు. కానీ దాన్ని మోయడం మాత్రం అలవాటైపోయింది, అది ఇంకా నీచం.

మరుసటి శీతాకాలం మొదటి మంచు పడిన రోజున అయిదింటికి లేచి చూస్తే పక్కలో ఫెలిమ్ లేడు. ఎనిమిదింటికి వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావంటే, ఒంటరిగా ఉన్నవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగొచ్చానన్నాడు. తలుపు కొట్టడు. వెనక్కి పోయి, మూత ఎత్తి, ఎర్రదీపం ఉందేమో చూసి, పొగగొట్టం మీద చేయి పెట్టి, వెచ్చగా ఉంటే మూత వేసి వచ్చేస్తాడు. పదకొండు ఇళ్ళు. ఆ శీతాకాలమే కాదు, ఆ తర్వాత ప్రతి శీతాకాలమూ. మంచు పడిందంటే చాలు, ఎవరూ పిలవకుండానే. ప్యాకీ ఏడిపించేవాడు, "దొంగల్లో నీలాంటోణ్ణి చూళ్ళేదురా ఫెలిమ్, చీకట్లో దొడ్డిదారిన జొరబడి వేడి పెట్టిపోతావు" అని.

"ఎందుకిదంతా? అవసరమైతే ఫోన్ చేస్తారు కదా" అన్నాను నేను, ఒక్కసారి కాదు, వందసార్లు.

"చేసేవాళ్ళకేం ఫర్వాలేదు నూలా. చేయనివాళ్ళ సంగతి చూడాలి. అట్రాక్టా గారు చేశారా?"

ప్రతిసారీ ఆ మాట. ప్రతిసారీ నా నాలుక మీదికి ఆ ఒక్క వాక్యం వచ్చేది. ఓసారి గట్టిగా నిర్ణయించుకున్నాను. గుండె డాక్టరు స్లైగో పట్నంలో ఆయన్ని పరీక్ష చేసి, చలిలో తిరగొద్దు, మానేయమని గట్టిగా చెప్పి పంపిన రోజది. కార్లో వస్తున్నాం. ఫెలిమ్ అన్నాడు, "నువ్వు ఫోన్ దగ్గర అంత జాగ్రత్తగా లేకపోతే ఇంకెంతమంది పోయేవాళ్ళో. ఒక్క కాల్ కూడా వదల్లేదు నువ్వు." నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇల్లు వచ్చేసింది.

రెండువేల ఇరవై రెండు డిసెంబరులో మళ్ళీ పెద్ద మంచు పడింది. అప్పటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. వెళ్ళొద్దని తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. "గంటలో వస్తా, టీ పెట్టుంచు" అన్నాడు. నా భుజాలు పట్టుకుని మెల్లగా పక్కకి జరిపాడు. అప్పుడైనా చెప్పొచ్చు. "ఆవిడ చేసింది, తప్పు నాది, నువ్వు ఎవరికీ ఏమీ బాకీ లేవు" అంటే ఆయన ఆగిపోయేవాడు. కోపంతోనైనా ఆగిపోయేవాడు. నేను మఫ్లర్ ఇచ్చాను.

తొమ్మిదో ఇంటి వెనక దొరికాడు. అక్కడ హ్యూబర్ట్ అని బ్రహ్మచారి ఒకడుంటాడు. కోళ్ళకి నీళ్ళు పెట్టడానికి వెనక్కొచ్చి చూస్తే ఫెలిమ్ బాయిలర్ పెట్టెకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడట. నిద్రపోతున్నాడనుకుని టీ తెచ్చాడట. బాయిలర్ చక్కగా మండుతోంది. దానికి ఏ జబ్బూ లేదు.

మా వైపు రివాజు ప్రకారం శవపేటికని ఇంట్లో రెండు రోజులు ఉంచాం. పెట్టె ఉన్న గదిలో వేడి ఉండకూడదు కాబట్టి ఆ గది రేడియేటర్ కట్టేసి కిటికీ తెరిచాం. జనం బారులు తీరారు. అందరూ నా చెయ్యి పట్టుకుని ఒకే మాట. "పిలవకుండా వచ్చేవాడమ్మా." "మాకే తెలీదు వచ్చెళ్ళాడని, మంచులో అడుగులు చూసి తెలుసుకునేవాళ్ళం." "అట్రాక్టా గారు పోయినప్పట్నించీ కదా, ఆ దిగులేగా ఆయన్ని తినేసింది." ఒక్కొక్క మాటా నన్ను చెంపల మీద కొడుతోంది. చెయ్యి పట్టుకుని "థాంక్స్, థాంక్స్" అన్నాను.

మూడో రోజు పొద్దున పెట్టె మూయడానికి వచ్చారు. ఒక్క నిమిషం ఇవ్వమని అడిగాను, అందరూ బయటికి వెళ్ళి తలుపు చేరవేశారు. గది మంచుగడ్డలా ఉంది. వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను.

"చేసింది, ఫెలిమ్. మంగళవారం నాలుగింటికి. నువ్వు కుర్చీలో పడుకుని ఉన్నావు. తెల్లారకముందే ఆగుతోందని కూడా చెప్పింది. నీ మీద కోపం లేదు ఆవిడకి, నీ దగ్గు ఎలా ఉందని అడిగింది. నేనే నీకు చెప్పలేదు."

ఆ చెవి చల్లగా ఉంది. బయట ఎవరో గొంతు సవరించుకున్నారు.

పన్నెండేళ్ళ కిందట చెప్పి ఉంటే ఆయన నన్ను తిట్టేవాడు. ఓ నెల మాట్లాడేవాడు కాదు, ఏడాది మాట్లాడేవాడు కాదేమో. తర్వాత ఎప్పుడో ఒక మంచు పడిన పొద్దున లేవబోయి, బయటికి చూసి, ఫోన్ వస్తే చూద్దాంలే అని దుప్పటి కప్పుకుని మళ్ళీ పడుకునేవాడు.